యెహోషువ తరానికి కనాను వైపు నుంచి కొన్ని ప్రశ్నలు

మా చదువు బృందంలో పదకొండు మందిమి. ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పేవాళ్లం కొందరం, డిగ్రీ, బీఈడీ చదువుతున్నవాళ్లం కొందరం. అందరం ఆదివాసీలమే గానీ అందరిదీ ఒకే మొక్కు కాదు. ఆదివారం చర్చికి పోయేవాళ్లున్నారు, కొత్తల పండుగకు కోడిని కోసేవాళ్లున్నారు, రెండూ చేసి ఇంట్లో తిట్లు తినేవాళ్లూ ఉన్నారు. నెలకోసారి కూర్చుని ఒక చట్టమో, ఒక పుస్తకమో చదువుకుంటాం. ఈసారి తీసుకున్నది అమెరికా పుస్తకం. హానా రోసిన్ అనే పత్రికా రచయిత్రి 2007లో అచ్చువేసిన 'గాడ్స్ హార్వర్డ్'. ఇంగ్లీషు బాగా వచ్చిన టీచరక్క చదివి తెలుగులో చెబుతుంటే మిగిలినవాళ్లం విన్నాం, మధ్యమధ్య ఆపాం, వాదులాడుకున్నాం. ఆ వాదులాటలో తేలినవే ఇక్కడ రాస్తున్నాం.

"అమెరికా క్రైస్తవ పిల్లల రాజకీయాలు మనకెందుకు అక్కా?" అని మొదటి రోజే ఒక తమ్ముడు అడిగాడు. అడగాల్సిన మాటే. పుస్తకం సగానికి వచ్చేసరికి ఆ తమ్ముడే అందరికంటే ఎక్కువ మాట్లాడాడు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

రోసిన్ రాసింది పాట్రిక్ హెన్రీ కాలేజీ గురించి. వర్జీనియా రాష్ట్రంలో పర్సెల్‌విల్ అనే చిన్న ఊళ్లో 2000లో మొదలైంది. అక్కడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది బడి మొహం చూడకుండా ఇంట్లోనే అమ్మ దగ్గర చదువుకున్నవాళ్లు. చాలా చిన్న కాలేజీ. 2004లో అక్కడున్నది సుమారు 240 మంది. అయినా ఆ ఏడాది ఒక సెమిస్టరులో అమెరికా అధ్యక్షుడి కార్యాలయంలో పని నేర్చుకోవడానికి కుదిరిన దాదాపు వంద మందిలో ఏడుగురు ఈ కాలేజీ పిల్లలే. నమూనా కోర్టు వాదనల పోటీలో ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్ జట్టునే ఓడించి వచ్చారు. దేశ రాజధానికి గంట ప్రయాణం దూరంలో ఉన్న పల్లెటూరి కాలేజీ ఇంత పని ఎలా చేసింది? రోసిన్ ఆ ప్రశ్న పట్టుకుని ఒకటిన్నర ఏడాది అక్కడ తిరిగింది.

జవాబు కాలేజీలో లేదు, దానికి ముందటి ఇరవై ఏళ్లలో ఉంది. ఈ కథ మన టీచర్లకు బాగా పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

1983లో మైకేల్ ఫారిస్ అనే న్యాయవాది, మరో మిత్రుడు కలిసి ఇంటి చదువుల వాళ్లకు కోర్టుల్లో అండగా నిలిచే సంఘం పెట్టారు. అప్పట్లో పిల్లల్ని బడికి పంపకపోతే చాలా రాష్ట్రాల్లో కేసు పెట్టేవారు. తల్లిదండ్రులు ఏటా కొంత చందా కడతారు, కేసు వస్తే సంఘం వకీలు వచ్చి వాదిస్తాడు. మన గూడెంలో చావు ఖర్చుకు ఇంటికింత అని వేసుకునే పద్ధతి లాంటిదే, కాకపోతే కోర్టు కోసం. పదేళ్లలో దేశమంతా ఇంటి చదువు చట్టబద్ధమైంది.

1994 ఫిబ్రవరిలో అమెరికా పార్లమెంటు ముందు విద్యకు సంబంధించిన పెద్ద బిల్లు ఒకటి ఉంది. అందులో ఒక చిన్న నిబంధన, ఏ సబ్జెక్టు చెప్పే టీచరుకు ఆ సబ్జెక్టులో అర్హత పత్రం ఉండాలని. రాసినవాళ్ల మనసులో ఉన్నవి బడులు. కానీ ఈ సంఘం వాళ్లు చదివి, రేపు ఇదే మాట పట్టుకుని ఇంట్లో చెప్పే తల్లిని కూడా పత్రం అడగొచ్చు కదా అని పట్టుకున్నారు. అప్పటికి వాట్సాప్ లేదు. ఒకరు పదిమందికి ఫోను, ఆ పదిమంది తలా పదిమందికి ఫోను, ఫ్యాక్సు, క్రైస్తవ రేడియో. కొన్ని రోజుల్లోనే పార్లమెంటు సభ్యుల ఫోన్లు మోగి మోగి లైన్లు స్తంభించాయి. సభలో ఓటింగు పెడితే ఆ నిబంధన తీసేయాలని 424 మంది, ఉంచాలని ఒక్కరు. ఆ ఒక్కరూ దాన్ని పెట్టిన సభ్యుడే.

ఇది చదివిన రోజు మా బృందంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక సీనియర్ సార్ అన్నారు: "2020 ఏప్రిల్‌లో మన మూడో నంబరు జీవో కొట్టేసినప్పుడు మనలో ఎంతమందిమి ఆ తీర్పు చదివాం?" షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000లో వచ్చిన జీవో అది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. మా ఉద్యోగాలే దాని మీద నిలబడ్డాయి. మేము తీర్పు చదవలేదు. వాట్సాప్‌లో వచ్చిన ముక్క చదివి, ఏడ్చే బొమ్మ పెట్టి పక్కకు నెట్టాం. ఒక సంతకాల కాగితం మాత్రం తిరిగింది. ఆ కాగితం ఎక్కడికి చేరిందో మాలో ఎవరికీ తెలియదు.

అందుకే ఈ అమెరికా కథను ఎగతాళిగా చూడలేం. ఆ తల్లులు బిల్లు చదివారు. ఏ మాట ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించారు.

ఆ తల్లుల పిల్లల కోసమే ఫారిస్ సంఘం 2003లో ఇంకో మెట్టు ఎక్కింది. 'జనరేషన్ జాషువా' అని పేరు పెట్టి యువజన కార్యక్రమం మొదలుపెట్టింది. జాషువా అంటే మన తెలుగు బైబిల్లో యెహోషువ. పదకొండేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు. రాజ్యాంగం మీద, దేశ చరిత్ర మీద పాఠాలు ఉంటాయి. ఊళ్లలో పిల్లల క్లబ్బులు ఉంటాయి. వేసవి శిబిరాల్లో పిల్లలే పార్టీలు కట్టి, పోటీ చేసి, బిల్లులు పెట్టి వాదించుకుంటారు. ఎన్నికలు వస్తే జట్లుగా బయలుదేరి, గట్టి పోటీ ఉన్న చోట తమకు నచ్చిన అభ్యర్థి కోసం ఇల్లిల్లూ తిరుగుతారు. ఓటు వయసు రాని పిల్లలు ఓటున్న పెద్దల తలుపులు తడతారు. ఇంకా ముందే, 1994లో జార్జియా రాష్ట్రంలో పుట్టిన 'టీన్‌పాక్ట్' అనేది కూడా ఉంది. అది పిల్లల్ని నేరుగా రాష్ట్ర శాసనసభ భవనానికే తీసుకుపోతుంది. నాలుగు రోజులు అక్కడే తరగతి. తామే బిల్లు రాయాలి, లేచి నిలబడి వాదించాలి, శాసనసభ్యుడి ఎదుటికి వెళ్లి చెయ్యి కలిపి మాట్లాడాలి, వాళ్ల కోసం ప్రార్థన చేయాలి.

పదమూడేళ్ల పిల్ల ఎమ్మెల్యే ఎదుట నిలబడి నేల చూడకుండా మాట్లాడటం ఎంత పెద్ద చదువో మాకు తెలుసు. మా పిల్లలు మండలాఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడతారు. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో గ్రామసభ గురించి జవాబు రాసి మార్కులు తెచ్చుకున్న పిల్ల, గ్రామసభలో కూర్చున్న పాపాన పోలేదు. పోదామన్నా సభ ఎక్కడ? రిజిస్టరే ఇంటింటికీ నడిచి వస్తుంది. సంతకమో వేలిముద్రో వేయించుకుని వెళ్లిపోతుంది.

ఇంతవరకు మా బృందంలో తేడా రాలేదు. ఆ పిల్లలకు దొరికిన శిక్షణ మన పిల్లలకూ కావాలి అన్నాం అందరం. తేడా వచ్చింది తర్వాత.

రోసిన్ పుస్తకంలో మాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఆ పిల్లల్ని ఆమె బొమ్మలుగా చూపించలేదు. ఆమె యూదు స్త్రీ, వాళ్ల లెక్కలో నరకానికి పోయే మనిషి. అయినా వాళ్ల మధ్య కూర్చుని వాళ్ల సందేహాలు కూడా విన్నది. ముఖ్యంగా ఆడపిల్లలవి. వాళ్లకూ మగపిల్లలతో సమానంగా వాదన నేర్పుతారు, రాజధానిలో పెద్ద కార్యాలయాలకు పని నేర్చుకోవడానికి పంపుతారు. అక్కడ మెప్పు పొంది తిరిగి వచ్చాక, పెళ్లయితే ఇల్లే నీ సేవ అని గుర్తుచేస్తారు. ఇంత కత్తి నూరి ఒరలో పెట్టుకోమంటే ఎలా అని ఆ పిల్లలు లోలోపల నలిగిపోతారు. ఈ భాగం చదివేటప్పుడు మా చెల్లెళ్లిద్దరూ నవ్వుకున్నారు. ఎందుకు నవ్వారో మగవాళ్లం అడిగే ధైర్యం చేయలేదు.

2006లో ఆ కాలేజీలో గొడవ వచ్చింది. పూర్తికాలం పనిచేసే పదహారు మంది అధ్యాపకుల్లో ఐదుగురు వెళ్లిపోతున్నట్టు ప్రకటించారు. గొడవ ఏమిటంటే, సత్యం బైబిల్లోనే ఉందా, బయట కూడా దొరుకుతుందా అని. అక్కడ పాత తత్వవేత్తల్ని కూడా చదివిస్తారు. చదివించడం మంచిదే, కానీ చదివి ఆలోచనలో పడితే? శత్రువు వాదన తెలుసుకోవడానికి చదువుతున్నామా, మన వాదనను పరీక్షించుకోవడానికి చదువుతున్నామా? వెళ్లిపోయినవాళ్లు రెండోది అన్నారు. వాళ్లు కూడా భక్తులే, సంప్రదాయవాదులే అని మరిచిపోకూడదు.

టీచర్లుగా మాకు ఇది చాలా దగ్గరి విషయం. వాదన నేర్పడం ఒకటి, జవాబు ముందే చేతిలో పెట్టి దానికి వాదన వెతుక్కోమనడం ఇంకొకటి. గర్భస్రావం తప్పు, ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, ఇల్లు ఇలా ఉండాలి అని ముందే తేలిపోయాక, మిగిలేది ఎలా గెలవాలన్న ప్రశ్న ఒక్కటే. ఆ ప్రశ్నకు వాళ్లు బ్రహ్మాండంగా జవాబు చెప్పారు. రోసిన్ పుస్తకం వచ్చాక కూడా చెబుతూనే ఉన్నారు. ఫారిస్ 2017 నుంచి 2022 వరకు ఇంకో పెద్ద క్రైస్తవ న్యాయ సంస్థను నడిపాడు. గర్భస్రావ హక్కును 2022లో అమెరికా సుప్రీంకోర్టు రద్దు చేసిన కేసులో ఆధారమైన మిసిసిపీ చట్టం వెనుక ఆ సంస్థ చేయి ఉంది. ఈలోగా యువత రాజకీయం తీరు కూడా మారింది. 2012లో పద్దెనిమిదేళ్ల చార్లీ కిర్క్ 'టర్నింగ్ పాయింట్' పెట్టాడు. శిబిరాలు, బిల్లులు పోయి కాలేజీ మైదానాలు, మైకులు, చిన్న వీడియోలు వచ్చాయి. 2025 సెప్టెంబరు 10న యూటాలో ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రశ్నలకు జవాబిస్తుండగా అతన్ని కాల్చి చంపారు. అతని మాటల్లో చాలావాటితో మాకు పొత్తు కుదరదు. మాట్లాడుతున్న మనిషిని కాల్చేసిన చోట సివిక్స్ పాఠం ఏం మిగులుతుందని మాత్రం అనుకున్నాం.

ఇక పేరు దగ్గరికి వద్దాం. మా తమ్ముడు లేచి కూర్చున్నది ఇక్కడే.

యెహోషువ తరం అనే పేరు ఊరికే పెట్టలేదు. ఫారిస్ 2005లో అదే పేరుతో పుస్తకం రాశాడు. ఆ లెక్క ఇలా ఉంటుంది: ఇంటి చదువు మొదలుపెట్టిన తల్లిదండ్రులు మోషే తరం. పిల్లల్ని ఐగుప్తు నుంచి, అంటే ప్రభుత్వ బడి నుంచి, బయటికి తెచ్చారు. ఆ పిల్లలు యెహోషువ తరం. వాళ్ల పని దేశాన్ని స్వాధీనం చేసుకోవడం.

ఈ కథ మాకు కొత్త కాదు. మా చర్చి పిల్లలందరికీ ఆదివారం బడిలో చెప్పిన కథే. యెరికో గోడ చుట్టూ ఏడు రోజులు తిరగడం, బూరలు ఊదడం, గోడ కూలడం. మా బృందంలో ఒక చెల్లెలు ఇప్పటికీ ఆ కథ చిన్నపిల్లలకు చెబుతుంది. పిల్లలు గోడ కూలే చోట చప్పట్లు కొడతారట. ఆ తమ్ముడు అడిగాడు: "చెల్లీ, ఆ గోడ లోపల ఎవరున్నారు?"

లోపల కనాను వాళ్లున్నారు. ముందు నుంచి అక్కడే ఉంటున్నవాళ్లు. వాళ్లకూ పొలాలున్నాయి, దేవుళ్లున్నారు, ముసలివాళ్లున్నారు, చంటిపిల్లలున్నారు. గోడ కూలాక రాహాబు అనే ఒక్క స్త్రీ, ఆమె ఇంటివాళ్లు తప్ప అందరూ చచ్చిపోతారు. బైబిల్లో ఉన్నదే చెబుతున్నాం, మా కల్పన కాదు.

ఈ ప్రశ్న మేమే మొదట అడిగామని గర్వపడక్కర్లేదు. రాబర్ట్ అలెన్ వారియర్ అని, అమెరికాలోని ఓసేజ్ తెగకు చెందిన రచయిత. 1989లో 'కనానీయులు, కౌబాయ్‌లు, ఇండియన్లు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. అతను వాదించింది ఫారిస్ లాంటి వాళ్లతో కాదు, పేదల పక్షం మాట్లాడే విమోచన క్రైస్తవులతో. ఐగుప్తు నుంచి బానిసలు విడుదలైన కథ చెప్పి, ఇది అణగారిన అందరి కథ అని వాళ్లు అంటారు. వారియర్ అడిగింది సూటి ప్రశ్న. ఆ కథలో మేమెవరం? మా భూమికి బయటి నుంచి దేవుడి మాట పట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు, మేము ముందు నుంచి ఉన్నవాళ్లం. మేము ఆ కథ చదివితే కనానీయులుగానే చదువుతాం. బానిసల్ని విడిపించిన దేవుడే తర్వాతి పుటల్లో భూమిని జయించే దేవుడవుతాడు. అమెరికాకు మొదట వచ్చిన వలస తెల్లవాళ్ల బోధకులు అక్కడి తెగల్ని కనానీయులని పిలిచిన సంగతీ అతను గుర్తుచేశాడు. చరిత్రలో నిజంగా జరిగిందా లేదా అన్నది పక్కన పెట్టినా, కథ చదివినవాళ్లు దానితో ఏం చేశారన్నది మిగులుతుంది.

ఈ వ్యాసం పదిహేను పుటలు కూడా ఉండదు. ఆదివాసీ టీచరు ప్రతి ఒక్కరూ చదవాలి. ఎవరైనా తెలుగు చేస్తే మా బృందం అచ్చుకు చందా వేసుకుంటుంది.

రోసిన్ ప్రశ్న వేరు. ఈ పిల్లలు అధికారంలోకి వస్తే అమెరికా ఏమవుతుందని ఆమె చూసింది. పట్నంలో చదువుకున్న ఉదారవాదికి అది సహజమైన భయం. పుస్తకం చివరిదాకా చదివినా మాకు తృప్తి కలగకపోవడానికి కారణం అదే కావచ్చు. పర్సెల్‌విల్ పిల్లలూ, వాళ్లను చూసి భయపడే పట్నం జనమూ ఒకే దేశం ఎవరి చేతిలో ఉండాలని పోట్లాడుకుంటున్నారు. ఆ దేశం అంతకుముందు ఎవరిదన్నది ఇద్దరి పోట్లాటలోనూ రాదు.

చర్చికి వెళ్లే చెల్లెలు ఇక్కడ మమ్మల్ని నిలదీసింది. పేరు పట్టుకుని ఇంత లాగడం అన్యాయం, ఒబామా కూడా వాడాడు కదా అంది. నిజమే. 2007 మార్చిలో సెల్మా ఊళ్లో మాట్లాడుతూ, పౌరహక్కుల కోసం దెబ్బలు తిన్న పెద్దల్ని మోషే తరమని, తనలాంటి వాళ్లను యెహోషువ తరమని అన్నాడు. బానిసలుగా తెచ్చిన మనుషుల మనవలు ఆ కథను తమదిగా చెప్పుకున్నారు. వాళ్ల నోట అది వేరుగా వినబడుతుంది. కథ ఒకటే, చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది ముఖ్యం. చెల్లెలి మాట ఒప్పుకున్నాం. కానీ ఫారిస్ పిల్లలు సంకెళ్లు తెంచుకుని వచ్చినవాళ్లు కాదు. సొంత ఇల్లు, సొంత కారు, చదువు చెప్పే తల్లి ఉన్న ఇళ్ల పిల్లలు. వాళ్లకు ఐగుప్తు ఏమిటంటే ఊరి సర్కారు బడి.

ఆ బడి అనే మాట దగ్గరే మాకు అసలు కోపం వచ్చింది. ఇంటి చదువు ఉద్యమం నిలబడింది తల్లిదండ్రుల హక్కు మీద. బిడ్డను ఎలా పెంచాలో తల్లిదండ్రులే చెప్పాలి, సర్కారు కాదు అని. దానికి వాళ్లు చూపించే పాత తీర్పు 1925 నాటిది. పిల్లలంతా ప్రభుత్వ బడికే పోవాలని ఆరెగన్ రాష్ట్రం చట్టం చేస్తే, కాథలిక్ సిస్టర్ల బడి తరఫున వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మంచి తీర్పు.

అదే 1925లో అదే దేశంలో ఆదివాసీ తల్లిదండ్రులకు ఆ హక్కు ఉందా? 1879లో కార్లైల్‌లో మొదలైన పద్ధతి అప్పటికి దేశమంతా పాకింది. పిల్లల్ని ఇంటికి దూరంగా హాస్టలు బడుల్లో పెట్టడం, జుట్టు కత్తిరించడం, పేరు మార్చడం, తల్లి భాష మాట్లాడితే కొట్టడం. పిల్లల్ని పంపని ఇంటికి రేషను ఆపేయడానికి 1893లో చట్టమే చేశారు. ఆ బడుల్లో చాలావాటిని నడిపింది చర్చిలు. హాస్టలు బడులు తగ్గాక దత్తతలు మొదలయ్యాయి. 1970లలో సర్వేలు చేస్తే ఆదివాసీ పిల్లల్లో నూటికి పాతిక నుంచి ముప్పై ఐదు మంది తమ ఇళ్లకు దూరంగా ఉన్నట్టు తేలింది. అప్పుడు, 1978లో, ఇండియన్ పిల్లల సంక్షేమ చట్టం వచ్చింది. ఆదివాసీ బిడ్డను ఇంటి నుంచి తీయాల్సి వస్తే ముందు బంధువులకు, తర్వాత సొంత తెగకు, తర్వాత ఇతర తెగలకు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. తల్లిదండ్రుల హక్కు, కుటుంబం అని గొంతు చించుకునే కన్జర్వేటివ్ శిబిరం దీన్ని పండుగ చేసుకోవాలి కదా? టెక్సస్ లాంటి రాష్ట్రాలు, ఆ శిబిరంలోని న్యాయ సంస్థలు దాన్ని రద్దు చేయాలని కోర్టుకు వెళ్లాయి.

ఇక్కడ మా కోపం కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని 7–2తో నిలబెట్టింది. తీర్పు రాసింది ఏమీ కోనీ బారెట్, కన్జర్వేటివ్ జడ్జి, భక్తి గల కాథలిక్. హాస్టలు బడుల చరిత్ర అంతా విప్పి, తెగల పక్షాన విడిగా అభిప్రాయం రాసింది నీల్ గోర్సచ్, ఆయనా కన్జర్వేటివే. 2020లో ఓక్లహోమాలో మస్కోగీ తెగకు ఇచ్చిన మాట ఇంకా చెల్లుతుందని తీర్పు రాసింది కూడా ఆయనే. కాబట్టి కన్జర్వేటివ్ అనగానే ఒకే ముద్ద అనుకోవడం మా తప్పు. ఒప్పందంలో రాసిన మాటకు కట్టుబడాలన్న పాతకాలపు పట్టుదల ఆదివాసీకి పనికొచ్చిన రోజులు ఉన్నాయి. ఎదుటివాడిలో అలాంటి మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టడం కూడా సివిక్సే. అది మనకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు మన గూడేల సంగతి. అమెరికా పద్ధతి ఇక్కడికి వచ్చిందని మేము అనడం లేదు. మన చర్చిలు ఎక్కువగా పేదల చర్చిలు, పాస్టరుకు జీతం కూడా సరిగా రాదు. కానీ మన యువకుల్ని మతం పేరుతో రాజకీయానికి వాడుకోవడం ఇక్కడా ఉంది, రెండు వైపులా. చర్చి కుర్రాళ్లకు ఎన్నికల ముందు రోజు ఫలానా గుర్తు అని ఒక మాట వస్తుంది. ఇంకోవైపు, క్రైస్తవం తీసుకున్నవాళ్లను ఎస్‌టీ జాబితా నుంచి తీసేయాలని సభలు పెట్టి మన కుర్రాళ్లనే బస్సుల్లో తీసుకుపోతారు. 342వ అధికరణం కింద ఉన్న ఎస్‌టీ జాబితాకు మతంతో పని లేదు. మతం షరతు ఉన్నది 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో. ఈ ఒక్క సంగతి బస్సెక్కిన కుర్రాడికీ తెలియదు, బస్సును చూసి భయపడే చర్చి కుర్రాడికీ తెలియదు. పండుగ చందా ఇవ్వలేదని ఒక ఇల్లు, ఇచ్చినందుకు చర్చిలో తిట్టారని ఇంకో ఇల్లు మాట్లాడుకోవడం మానేస్తాయి. ఆ రెండు ఇళ్ల పోడు మాత్రం ఒకే గట్టు మీద ఉంటుంది. ఆ గట్టుకు ఇంకా పట్టా రాలేదు.

యెహోషువ గ్రంథంలోనే గిబియోనీయుల కథ ఉంది. యెరికో గతి చూసి భయపడి, చిరిగిన బట్టలు, బూజు పట్టిన రొట్టెలతో దూరదేశం నుంచి వచ్చామని అబద్ధం చెప్పి ప్రాణాలు దక్కించుకుంటారు. ఆ తర్వాత శాశ్వతంగా కట్టెలు కొట్టేవాళ్లుగా, నీళ్లు మోసేవాళ్లుగా మిగిలిపోతారు. ఈ కథ చదివినప్పుడు మా సీనియర్ సార్ ఒక మాట అన్నారు: "వాళ్లకు ఒప్పందం కుదిరింది గానీ షరతులు చదవలేదు."

మతం రాజకీయంలోకి రాకూడదని మేము అనలేం. అంటే నియమగిరిని కాదనాలి. ఒడిశాలో డోంగ్రియా కోందుల కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కొండ మీద నియమరాజును కొలిచే హక్కు సంగతి కూడా ఆ సభలే చూడాలంది. ఆ ఏడాదే పన్నెండు సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. దేవుడి పేరు అక్కడ కూడా పలికారు, ముసలమ్మలు జడ్జి ఎదుటే పలికారు. తమ కొండను కాపాడుకోవడానికి పలికారు, ఇంకొకరి కొండ ఎక్కడానికి కాదు.

టీన్‌పాక్ట్ పిల్లల నుంచి తీసుకోదగినది మేము తీసుకుంటున్నాం. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలతో నమూనా గ్రామసభ పెట్టాం. అటవీ హక్కుల నియమాల ప్రకారం సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మొదటి సభ కోరం లేక ఆగిపోయింది, ఆడపిల్లలు వంటశాల దగ్గర డ్యూటీలో ఉన్నారు. రెండోసారి డ్యూటీ మార్చి పెట్టాం. రోడ్డు కోసం చెట్లు కొట్టాలన్న అధికారిగా ఒకడు, ఊరివాళ్లుగా మిగతావాళ్లు. ఊరివాళ్లలో చర్చి వాళ్లు, పాత దేవతల వాళ్లు విడివిడిగా కూర్చోకుండా చీటీలు తీసి కూర్చోబెట్టాం. చీటీలో తనకు రాని పక్షం వస్తే ఆ పక్షమే వాదించాలి. అధికారి వేషం వేసిన పిల్లాడు అందరికంటే బాగా మాట్లాడాడు, సభ దాదాపు అతని వైపు మొగ్గింది. చివర్లో ఒక పిల్ల లేచి, "సార్, మీరు చదివిన కాగితం మాకు ఇవ్వండి, చదువుకుని వచ్చే సభలో చెబుతాం" అంది. తీర్మానం వాయిదా పడింది. ఆ మాట పాఠంలో లేదు, మేము చెప్పలేదు.

వచ్చే నెల మా బృందం 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్ చదువుతుంది. తెలుగు ప్రతి ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లకు మేము జిరాక్సు తీయిస్తాం.